పార్టీ గడిలో ఏం పెట్టాలి: కొత్తగా ఓటరైన మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. అమెరికా పౌరసత్వం వచ్చిన రోజున చిన్న జెండా పట్టుకుని నువ్వు దిగిన ఫొటో మీ అత్తయ్య అప్పుడే ఫ్రిజ్ మీద అంటించేసింది. ఆ రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "మావయ్యా, ఓటరు ఫారంలో పార్టీ అడుగుతున్నారు, ఏం పెట్టను?" అని. ఫోన్లో జవాబు టైపు చేస్తూ నాలుగుసార్లు చెరిపేశాను. ఒక్క ముక్కలో తేలే విషయం కాదు, అందుకే ఉత్తరం.

మన ఊళ్లో అయితే టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది. బి-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. మన పని చివర్లో మీట నొక్కడమే. ఇక్కడ ఆ టికెట్ తగువు తీర్చేది ఓటర్లు, ప్రైమరీలో, అంటే అసలు ఎన్నికకి ముందు అభ్యర్థుల్ని తేల్చే ఎన్నికలో. కాబట్టి ఆ గడి అడుగుతున్నది నీ మనసులో ఏ పార్టీ ఉందని కాదు. ప్రైమరీకి నీ చేతికి ఏ బ్యాలెట్ రావాలని. పార్టీ పెట్టినంత మాత్రాన సభ్యత్వ రుసుం కట్టక్కర్లేదు, కండువా కప్పుకోనక్కర్లేదు. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో నీ ఇష్టం వచ్చినవాళ్లకి వేసుకోవచ్చు. కాకపోతే ఓటు రహస్యమే గానీ పార్టీ పేరు రహస్యం కాదు. ప్రచారం చేసేవాళ్లకి ఓటర్ల జాబితా ఇస్తారు, అందులో అది ఉంటుంది. మెసేజీలు వచ్చి పడితే కంగారు పడకు.

మన కాలిఫోర్నియాలో ప్రైమరీ రెండు రకాలు. చాలామంది తికమకపడేది ఇక్కడే.

గవర్నరు, రాష్ట్ర శాసనసభ, కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) పదవులకి నువ్వు పెట్టిన పార్టీతో సంబంధం లేదు. 2010లో ఓటర్ల ముందు పెట్టిన ప్రపోజిషన్ 14 అనే ప్రతిపాదన నెగ్గినప్పటి నుంచి అన్ని పార్టీలవాళ్లూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ఎవరైనా ఎవరికైనా వేయొచ్చు. మొదటి ఇద్దరు నవంబరుకి వెళ్తారు, ఇద్దరూ ఒకే పార్టీవాళ్లయినా సరే. 2016లో సెనేట్ సీటుకి నవంబరు బ్యాలెట్ మీద కమలా హారిస్, లొరెట్టా శాంచెజ్ ఇద్దరే మిగిలారు, ఇద్దరూ డెమొక్రాట్లే. 2026 జూన్ 2న జరిగే గవర్నరు ప్రైమరీ కూడా ఈ పద్ధతిలోదే. దానికి నువ్వు ఏ పార్టీ పెట్టినా, పెట్టకపోయినా ఒకటే.

ప్రైమరీయే కదా, నవంబరులో చూసుకుందాం అనుకోకు. నువ్వుండే మౌంటెన్ వ్యూ 16వ కాంగ్రెస్ జిల్లాలోదే, జిల్లా అంటే ఇక్కడ నియోజకవర్గం. 2024 మార్చిలో అక్కడ పదకొండు మంది నిలబడ్డారు. శామ్ లికార్డో మొదట వచ్చాడు. రెండో స్థానానికి ఇవాన్ లో, జో సిమిటియన్ ఇద్దరికీ సరిగ్గా 30,249 ఓట్లు. ఒక్క ఓటు తేడా లేదు! తిరిగి లెక్కిస్తే లో ఐదు ఓట్లతో ముందుకొచ్చాడు, సిమిటియన్ ఇంటికెళ్లాడు. ఇంకో సంగతి 2012లో శాన్ బెర్నార్డినో వైపు జరిగింది. 31వ జిల్లా డెమొక్రాట్ల వైపు మొగ్గే చోటు. అయినా నలుగురు డెమొక్రాట్లు ఓట్లు చీల్చుకుంటే ఇద్దరు రిపబ్లికన్లు పైకి తేలారు. నవంబరులో అక్కడి డెమొక్రాట్లకి తమవాడే లేడు. అందుకే ఈ జూన్ బ్యాలెట్ మీద మనకి నచ్చినవాడితో పాటు గెలిచే ఊపు ఎవరికుందో కూడా కాస్త చూస్తాను నేను. మీ అత్తయ్య ఒప్పుకోదు, నచ్చినవాడికే వేయాలంటుంది.

ఇక అధ్యక్షుడి ప్రైమరీ. ఇది పూర్తిగా పార్టీల వ్యవహారం. ఫారంలో ఆరు పార్టీలు కనిపిస్తాయి: డెమొక్రటిక్, రిపబ్లికన్, అమెరికన్ ఇండిపెండెంట్, గ్రీన్, లిబర్టేరియన్, పీస్ అండ్ ఫ్రీడమ్. ఏదీ వద్దంటే 'నో పార్టీ ప్రిఫరెన్స్' అని పెట్టొచ్చు. అలా పెట్టినవాళ్లని తమ ప్రైమరీలోకి రానివ్వాలా వద్దా అన్నది ఆయా పార్టీల ఇష్టం. 2024లో డెమొక్రటిక్, లిబర్టేరియన్, అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీలు రానిచ్చాయి. రిపబ్లికన్, గ్రీన్, పీస్ అండ్ ఫ్రీడమ్ పార్టీలు తలుపేశాయి. నాలుగేళ్లకోసారి ఇది మారొచ్చు, 2028కి మళ్లీ కనుక్కోవాలి.

తలుపు తీసినా ఊరికే లోపలికి వెళ్లలేం, అడగాలి. నేను దెబ్బతిన్నది అక్కడే. 2016 జూన్ ప్రైమరీకి ముందు కౌంటీ నుంచి ఒక కార్డు వచ్చింది. 'మీకు ఏ పార్టీ అధ్యక్ష బ్యాలెట్ కావాలో టిక్కు పెట్టి పంపండి' అని. నేను అప్పట్లో ఏ పార్టీ పెట్టుకోలేదు, అదో గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా. ఆ కార్డు పిజ్జా కూపన్ల కట్టలో కలిసిపోయింది. తీరా బ్యాలెట్ వచ్చాక తెరిస్తే సెనేట్ ఉంది, శాసనసభ ఉంది, అధ్యక్షుడి పోటీ లేదు. అచ్చుతప్పేమో అనుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. కౌంటీవాళ్ల తప్పేం లేదు, వాళ్లు అడిగారు, నేను పలకలేదు. ఆ బ్యాలెట్ పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్లి మార్చుకోవచ్చని తర్వాతెప్పుడో తెలిసింది. ఎవరికి వేద్దామనుకున్నానో మాత్రం ఇప్పటికీ మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

ఇంకో గొయ్యి ఉంది. మా బ్యాడ్మింటన్ గుంపులో ఒకాయన తాను 'ఇండిపెండెంట్' అని ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. చూస్తే ఆయన ఫారంలో పెట్టింది అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ. ఇండిపెండెంట్ అంటే మనకి స్వతంత్ర అభ్యర్థి గుర్తొస్తాడు కదా, పాపం ఆయనా అలాగే అనుకున్నాడు. అది నిజంగానే ఒక పార్టీ. నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ వేరుగా ఉంచాలని పట్టుబట్టిన అలబామా మాజీ గవర్నరు జార్జ్ వాలెస్‌ని 1968లో అధ్యక్ష పదవికి నిలబెట్టిన పార్టీ. ఈ పొరపాటు ఆయనొక్కడిదీ కాదు. 2016లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ సర్వే చేయిస్తే, ఆ పార్టీ పేరున నమోదైనవాళ్లలో దాదాపు నలుగురికి ముగ్గురు తమకి ఏ పార్టీ లేదనే అనుకుంటున్నారు. ఆ మాట కనిపిస్తే రెండుసార్లు చదువు.

మరి ఏం పెట్టాలి అంటావు. ఒక పార్టీ అభ్యర్థుల మధ్య తగువులో నీకు మాట ఉండాలనిపిస్తే ఆ పార్టీయే పెట్టెయ్. ముఖ్యంగా రిపబ్లికన్ అధ్యక్ష ప్రైమరీలో వేయాలనుంటే 2024 లెక్కన వేరే దారి లేదు. ఎటూ తేలకపోతే ఏ పార్టీ వద్దని పెట్టు, తప్పేం కాదు, కానీ కార్డు వస్తే ఆ రోజే తిప్పి పంపు. గడి ఖాళీగా వదిలేసినా ఏ పార్టీ లేనట్టే రాసుకుంటారు. తర్వాత మనసు మారితే మార్చుకోవచ్చు, మళ్లీ ఆన్‌లైన్లో నింపడమే. నేను 2019లో మార్చుకున్నాను, ఐదు నిమిషాల పని.

ఫ్రిస్కోలో మీ అన్నయ్యని సలహా అడగకు, టెక్సాస్‌లో ఈ గడే లేదు. అక్కడ ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకుంటారు, ఎవరూ తేలక రనాఫ్ (రెండో విడత పోటీ) వస్తే మళ్లీ ఆ పార్టీకే కట్టుబడి ఉండాలి. ఎడిసన్‌లో మీ చిన్నాన్నగారిది ఇంకో కథ. న్యూజెర్సీలో ఏ పార్టీ లేనివాళ్లు అక్కడికక్కడే చెప్పి వేయొచ్చు, ఇప్పటికే ఒక పార్టీలో ఉన్నవాళ్లు మారాలంటే 55 రోజుల ముందే మారాలి. మేరీలాండ్‌లో మరీ గట్టి. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో అక్కడ కాంగ్రెస్‌కి డెమొక్రటిక్ ప్రైమరీలో పోటీచేస్తే, వేయగలిగింది డెమొక్రాట్లుగా నమోదైనవాళ్లే. మన అమ్మాయి కదా అని మురిసిపోయినా, గడిలో ఏ పార్టీ పెట్టనివాళ్లు చూస్తూ కూర్చోవాల్సిందే. అప్పుడు ఆవిడ ఓడిపోయింది. తర్వాత 2022లో అక్కడే లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచింది.

ఫారం నింపేటప్పుడు పేరు డ్రైవింగ్ లైసెన్సులో ఎలా ఉందో అలాగే రాయి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన పాత పేచీ ఇక్కడ పెట్టుకోకు. లైసెన్సు నంబరు, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు, పుట్టిన తేదీ చాలు. గడువు ఎన్నికకి 15 రోజుల ముందు, అంటే ఈసారి మే 18. అది దాటిపోయినా పోలింగ్ కేంద్రానికి వెళ్లి అప్పటికప్పుడు నమోదై వేసే వీలుంది. బ్యాలెట్ ఎలాగూ ఇంటికే వస్తుంది. కవరు మీద సంతకం మాత్రం లైసెన్సు మీద పెట్టినట్టే పెట్టు, పోల్చి చూస్తారు.

చివరగా మీ అమ్మ సంగతి. దానికి ఉన్నది గ్రీన్ కార్డు. డీఎంవీలో, అదే డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసులో, లైసెన్సు పనికి వెళ్తే పౌరసత్వం గురించి, ఓటు నమోదు గురించి ప్రశ్నలు వస్తాయి, అవునని పొరపాటున కూడా నొక్కనివ్వకు. రోడ్డు పక్కన ఎవరైనా నవ్వుతూ ఫారం ఇచ్చినా సంతకం పెట్టొద్దు. పౌరులు కానివాళ్లు ఓటేస్తే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటీ చాలు. ఎన్నిసార్లు చెప్పినా "అడిగారు కదరా, కాదంటే బాగోదని" అనే మనిషి అది. పక్కన నువ్వుండు.

తెనాలిలో నీ ఓటు ఇంకా జాబితాలో ఉందా? ఇప్పుడు నువ్వు ఇండియా పౌరురాలివి కాదు, అది తీయించాలి. ఫారం 7 ఇవ్వాలి, నాన్నగారికి చెప్తే బీఎల్ఓని (బూత్ స్థాయి అధికారిని) కనుక్కుంటారు.

ఆదివారం వస్తానన్నావుగా. లైసెన్సు పట్టుకురా, ఇక్కడే కూర్చుని నింపేద్దాం. అత్తయ్య పులిహోర కలుపుతానంటోంది.

మీ మావయ్య
ఫ్రీమాంట్