రాత్రి 10 నుంచి పొద్దున్న 5:30 దాకా ఇంటి అలారం షెడ్యూల్ సేవ్ అవ్వట్లేదు, ఏం చెయ్యాలి?

రాయగడలో కొత్తగా అలారం పెట్టించామని, రాత్రి 10 నుంచి పొద్దున్న 5:30 అని కొడితే తీసుకోవట్లేదని అడిగారు కదా. మీ సిస్టమ్ పాడవలేదు. చాలా వాటికి రోజంటే 00:00 నుంచి 24:00 దాకానే. ముగిసే టైమ్ మొదలయ్యే టైమ్ కంటే చిన్నదైతే ఒప్పుకోవు. అందుకని రెండు ముక్కలు చెయ్యండి: 22:00 నుంచి 24:00 ఒకటి (24:00 లేకపోతే 23:59), 00:00 నుంచి 5:30 ఇంకొకటి. అందరూ తప్పు చేసేది ఈ రెండో ముక్క దగ్గరే. శనివారం రాత్రికి కావాలంటే దాన్ని ఆదివారం వరసలో పెట్టాలి. మన పంచాంగంలో సూర్యోదయం దాకా శనివారమే, మిషన్‌కి మాత్రం అర్ధరాత్రికే వారం మారిపోతుంది.

అది అయ్యాక టైమ్‌జోన్ చూడండి. మాది జయపురం, కోరాపుట్ జిల్లా. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక ఇల్లు. బిగించిన కుర్రాడు రాత్రి 10:30కి ఆన్, పొద్దున్న 5:30కి ఆఫ్ అని పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి 8 దాటి నిమిషమైందో లేదో, అమ్మ పాలగిన్నె పట్టుకుని హాల్లో అడుగుపెట్టింది, సైరన్ అందుకుంది. పాలు నేలపాలు. 'ఓలమ్మో' అని అమ్మ కేక, గల్లాపెట్టె తెరిచినది తెరిచినట్టే వదిలేసి నాన్న పరుగు, వీధంతా మా గుమ్మంలో. 'దొంగని పట్టుకోమని పెడితే మనల్నే పట్టుకుందిరా' అన్నారు నాన్న.

కుర్రాడికి ఫోన్ చేస్తే సెన్సర్ పోయుంటుంది, మారుస్తానన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. యాప్‌లో లాగ్ తీస్తే రాత్రి 8:00కి ఆన్, తెల్లవారుజామున 3:00కి ఆఫ్ అని ఉంది. రెండు చోట్లా సరిగ్గా రెండున్నర గంటల తేడా. మన టైమ్ గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు, చైనాది ఎనిమిది గంటలు. డబ్బాలోంచి వచ్చినప్పటి చైనా టైమ్‌జోన్‌ని అలాగే వదిలేశాడన్నమాట. దేశం మొత్తానికి టైమ్ లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖాంశం మా ఊరి పక్కనుంచే పోతుంది. ఆ గీత మీద కూర్చుని మేము బీజింగ్ టైమ్‌కి కాపలా కాయించుకున్నాం!

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, నన్ను భయపెట్టింది ఆ 3:00. సైరన్ మోగింది కాబట్టి 8 సంగతి బయటపడింది. 3కి ఆఫ్ అయిపోతే ఎవరికి తెలుస్తుంది? అందుకే మీ దాంట్లో ఆన్, ఆఫ్ విడివిడిగా పెట్టుకునే వీలుంటే ఆన్ ఒక్కటే షెడ్యూల్‌లో ఉంచండి. ఆఫ్ మనిషి చేతిలోనే ఉండాలి. సంక్రాంతికి విజయనగరం పోయి నాలుగు రోజులు ఉండిపోయారనుకోండి, ఖాళీ ఇంట్లో రోజూ 5:30కి సిస్టమ్ తనంతట తానే కాపలా మానేస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో రిమోట్ అమ్మ తాళంగుత్తికే ఉంటుంది. లేచిన వెంటనే నొక్కుతుంది. కార్తీకమాసంలో 4 గంటలకే దీపం పెట్టాలని లేచినా నేను షెడ్యూల్ ముట్టుకోనక్కర్లేదు.

ఇంట్లో మనుషులుండగా రాత్రి ఆన్ అయ్యేది స్టే మోడ్‌లో ఉండాలి. తలుపులు, కిటికీలు, షట్టర్ సెన్సర్లు పనిచేస్తాయి, లోపలి కదలిక సెన్సర్లు పడుకుంటాయి. బిగించిన కుర్రాడు మాది 'అవే' (Away) మోడ్‌లో, అంటే ఇంట్లో ఎవరూ లేనప్పుడు లోపలి కదలిక సెన్సర్లు కూడా పనిచేసే మోడ్‌లో పెట్టాడు. టైమ్ సరిగ్గా ఉన్నా రాత్రి నాన్న మంచినీళ్ళకి లేస్తే మోగేసేదే. మీకు బాత్రూమ్ పెరట్లో ఉంటే ఆ తలుపుకి 30 సెకన్ల ఆలస్యం ఇవ్వండి. ఈలోగా రిమోట్ నొక్కుకోవచ్చు.

ఇంకో చిక్కు. షెడ్యూల్ టైమ్‌కి ఏదైనా కిటికీ తెరిచి ఉంటే కొన్ని ప్యానళ్ళు (అలారం మెయిన్ డబ్బాలు) అసలు ఆన్ అవ్వవు. కొన్ని ఆ కిటికీని బైపాస్ చేసి, అంటే లెక్కలోంచి వదిలేసి, మిగతావి ఆన్ చేస్తాయి. రెండింట్లోనూ ఫోన్‌కి ఒక నోటిఫికేషన్ వచ్చి ఊరుకుంటుంది. యాప్ నోటిఫికేషన్లు ఆపేసుంటే మీకు తెలిసే దారే లేదు. ఎండాకాలం మా మేడ గది కిటికీ ఇలాగే వారం రోజులు లెక్కలో లేకుండా పోయింది.

కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గాలివానకి పోతే ఎప్పుడొస్తుందో తెలీదు. లోపలి బ్యాటరీ పాతదైతే ప్యానల్ గడియారం కూడా పోతుంది. కరెంటు వచ్చాక వైఫై దొరికితే నెట్ నుంచి టైమ్ సరిచేసుకుంటుంది. దొరక్క మా ప్యానల్ గడియారం ఒకసారి 1970 జనవరి 1కి వెళ్ళిపోయింది. అది గురువారం, కాబట్టి ఆ రోజు ఏ వారమైనా గురువారం షెడ్యూలే నడిపేస్తుంది. బ్యాటరీ మార్చాక, రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ మీదికి ఎక్కించాక ఆ బాధ తప్పింది.

అన్నీ పెట్టాక రాత్రి దాకా ఆగకండి. మధ్యాహ్నం ఇంకో ఐదు నిమిషాలకి ఒక షెడ్యూల్ పెట్టి, అది ఆన్ అయ్యాక కావాలనే పెరటి తలుపు తియ్యండి. పక్కింటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.