అంగారకుడికి ఇద్దరు చంద్రులా, రెండు చంద్రులా?

సందేహం: మా అబ్బాయి ఏడో తరగతి. సౌర కుటుంబం మీద వ్యాసంలో 'అంగారకుడికి ఇద్దరు చంద్రులు ఉన్నారు' అని రాశాడు. టీచరు ఎర్రపెన్నుతో కొట్టేసి 'రెండు ఉపగ్రహాలు ఉన్నాయి' అని దిద్దారు. పేపర్లో చూస్తే 'శనికి 274 చంద్రులు' అని ఉంది. చంద్రుడికి అసలు బహువచనం ఉందా? ఉంటే మనుషుల్లా లెక్కపెట్టాలా, వస్తువుల్లానా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: ముందుగా మీవాడికి నా తరఫున ఒక మార్కు కలపండి. వాడు రాసింది వ్యాకరణం ఒప్పుకునే వాక్యమే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కాక మిగిలినవి మహత్తులు. అంటే మగవాళ్లూ దేవుళ్లూ. చంద్రుడు మనకు దేవుడు, నవగ్రహాల్లో ఒకడు. అందుకే 'చంద్రుడు వచ్చాడు' అంటాం, 'వచ్చింది' అనం. అలాంటివాళ్లు ఇద్దరుంటే 'ఇద్దరు చంద్రులు వచ్చారు' అనాల్సిందే.

అయితే మన పూర్వులకు ఇద్దరు చంద్రుల అవసరం పడలేదు. 80 ఏళ్లు దాటిన పెద్దలకు చేసే సహస్ర చంద్ర దర్శనంలో వెయ్యి చంద్రులున్నా, అది ఒక్క చంద్రుడినే వెయ్యి పున్నములకు చూడటం. 1610 జనవరిలో గెలీలియో టెలిస్కోపులోంచి గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు చూశాకే, వేరే గ్రహాల చుట్టూ కూడా ఇలాంటివి తిరుగుతాయని తెలిసింది. మరుసటి ఏడాది కెప్లర్ వాటికి వాడిన లాటిన్ మాట నుంచే ఇప్పటి 'శాటిలైట్' వచ్చింది. ఆ లాటిన్ మాటకు అర్థం పెద్దవాళ్ల వెంట నడిచే అనుచరుడు, అంగరక్షకుడు. చూశారా, అక్కడా మొదట మనుషుల మాటే!

మనం దానికి 'ఉపగ్రహం' అని పెట్టుకున్నాం. ఈ మాట కూడా కొత్తది కాదు. జ్యోతిషంలో గుళికుడు, ధూముడు వంటివాటిని ఉపగ్రహాలంటారు. అవి కంటికి కనిపించవు, లెక్కలోంచి వచ్చే బిందువులు. 'గ్రహం' సంగతీ అంతే. జ్యోతిషంలో సూర్యుడూ చంద్రుడూ గ్రహాలు, భూమి కాదు. సైన్సు పుస్తకంలో భూమి గ్రహం, సూర్యుడు నక్షత్రం. పాత మాటలకే కొత్త పని అప్పజెప్పాం.

1975 ఏప్రిల్ 19న మన దేశపు తొలి కృత్రిమ ఉపగ్రహం ఆర్యభట్ట ఆకాశంలోకి వెళ్లినప్పటి నుంచి 'ఉపగ్రహం' అంటే జనానికి మనిషి చేసి పంపిందే ముందు గుర్తొస్తుంది. శ్రీహరికోటకు దగ్గర్లో ఉన్న మీకు ఇది వేరే చెప్పాలా? ప్రతిసారీ 'సహజ ఉపగ్రహం', 'కృత్రిమ ఉపగ్రహం' అని విడదీసి రాయాలంటే విలేకరికి ఓపిక ఉండదు, హెడ్డింగులో చోటూ ఉండదు. 2025 మార్చిలో శని చుట్టూ కొత్తగా 128 ఉపగ్రహాలను గుర్తించారు. మొత్తం 274 అయ్యాయి. మీరు చదివిన వార్త ఇదే అయి ఉంటుంది. అంకెల్లో రాశారు కాబట్టి ఇబ్బంది తెలియలేదు. అదే '274 మంది చంద్రులు' అని రాసి ఉంటే ఊరేగింపు అనుకునేవాళ్లం.

మరి 'మంది' లేకుండా, 'రెండు చంద్రులు' అనవచ్చా? అనవచ్చనే నా అభిప్రాయం. దీనికి సాక్ష్యం మన వీధుల్లోనే ఉంది. చవితికి 'మా కాలనీలో మూడు వినాయకులు పెట్టారు' అంటాం. 'ముగ్గురు వినాయకులు' అనం. నిమజ్జనానికి 'పది వినాయకులు వెళ్లాయి' అంటాం. వినాయకుడు మహత్తే, కానీ అక్కడ లెక్కపెడుతున్నది మట్టిబొమ్మల్ని. దేవుడి పేరు వస్తువుకు వచ్చినప్పుడు లెక్కా, క్రియా వస్తువువి అయిపోతాయి. శనినే చూడండి. గుళ్లో శనీశ్వరుడు 'చూస్తున్నాడు', మనకు మాత్రం శని 'పట్టింది', 'వదిలింది'. పీడ అనే అర్థం రాగానే అమహత్తు, అంటే మహత్తు కానిది. ఆ లెక్కన 'శని చుట్టూ 274 చంద్రులు తిరుగుతున్నాయి' తప్పు కాదు. 'రెండు చంద్రులు' ఇంకా చెవికి కొంచెం గరుకుగానే ఉంటుంది, నిజమే. వాడగా వాడగా అరుగుతుంది.

చిన్నపిల్లల కోసమైతే నేను 'చందమామలు' అని రాస్తాను. 'మామ' ఉన్నా దానికి మగతనం పట్టింపు తక్కువ. గోరుముద్ద పెట్టే తల్లి చందమామను 'రావే' అని పిలుస్తుంది, 'రారా' అనదు. అచ్చతెలుగు కావాలని 'నెల' జోలికి మాత్రం వెళ్లకండి. నెలవంకలో, వెన్నెలలో ఉన్నది చంద్రుడే అయినా, 'శనికి 274 నెలలు' అంటే వయసు చెబుతున్నారనుకుంటారు.

ఒంటరిగా వచ్చినప్పుడు మన చంద్రుడు ఎప్పటిలా 'తిరుగుతాడు'. గురువు దగ్గరి గానిమీడ్, శని దగ్గరి టైటాన్ రెండూ బుధ గ్రహం కంటే పెద్దవే. అయినా అవి 'తిరుగుతాయి'. మనకు వాటితో చుట్టరికం లేదు మరి.

టీచరుగారితో వాదనకు దిగకండి. సైన్సు జవాబులో 'రెండు ఉపగ్రహాలు' అన్నదే తేటగా ఉంటుంది. పైగా అంగారకుడి రెండు ఉపగ్రహాల్లో ఫోబోస్ అడ్డంగా 22 కిలోమీటర్లు, డీమోస్ 12. బంగాళాదుంపల్లా వంకరటింకరగా ఉన్న ఆ రాళ్లను 'ఇద్దరు' అనడానికి నాకూ నోరు రావడం లేదు.