టెక్ సందేహాలు: వంద కేబీ కోసం ఆధార్‌ను ఎవరి చేతిలో పెడుతున్నారు?

ప్రశ్న: మా అమ్మాయి అప్లికేషన్‌కి మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ అన్నీ 100 కేబీ లోపు పీడీఎఫ్‌లుగా పెట్టమన్నారు. వెతికితే మొదట వచ్చిన సైట్‌లో పెట్టి తగ్గించాను. ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటే అదీ అక్కడే తీసేశాను. వారం నుంచి లోన్ కావాలా అని ఒకటే ఫోన్లు, టెన్షన్‌గా ఉంది. నమ్మదగిన ఫ్రీ సైట్ చెప్పండి. (ఒక గృహిణి, నిజామాబాద్)

సైట్ పేరు చెప్పనమ్మా, ఈ పనికి సైటే అక్కర్లేదు. అడ్మిషన్ల రోజులొస్తే చాలు ఇదే ప్రశ్న, అందరూ అడిగేది మంచి సైట్ ఏదని మాత్రమే. ఆ ఫోన్లకి ఆ సైటే కారణమని నేను చెప్పలేను, మన నంబర్లు బయటపడటానికి చాలా దారులున్నాయి. నాకు భయం వేసింది మీరు మామూలుగా రాసేసిన ఆ పాస్‌వర్డ్ మాట చూసి. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. తాళం వేసిన పెట్టెనీ తాళంచెవినీ కలిపి ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇచ్చేశారు, పక్కన మెమో, కులం పత్రం కూడా పెట్టి. ఒక మనిషి పేరు మీద ఇంకొకరు అప్పుకి ప్రయత్నించాలంటే ఇంతకంటే ఏం కావాలి? గంటలో ఫైళ్లు తీసేస్తామని పేజీ అడుగున రాస్తారు. తీశారో లేదో చూసే వీలు మీకూ లేదు, నాకూ లేదు. 2025 మార్చిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం సరిగ్గా ఇలాంటి ఉచిత ఫైల్ కన్వర్టర్ల గురించే హెచ్చరించింది: కొన్ని మీ ఫైల్లోని వివరాలు లాగేస్తాయి, కొన్ని తిరిగిచ్చే ఫైల్‌తో పాటు మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్ కూడా పంపుతాయి.

ముందు ఇవాళే ఆధార్ అధికారిక యాప్‌లో అమ్మాయి బయోమెట్రిక్స్ లాక్ చేయండి. రేషన్ షాపులో వేలిముద్ర వేయాల్సిన రోజు కాసేపు తెరుచుకోవచ్చు. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో ఆమె పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి.

ఇక సైజు సంగతి. లిబ్రేఆఫీస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్‌లో వేసుకుంటే ఇంటర్‌నెట్ లేకుండానే పనిచేస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ని అందులోని డ్రా అనే ప్రోగ్రామ్‌లో తెరిచి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జేపెగ్ క్వాలిటీ 60కి, రిజల్యూషన్ 150 డీపీఐకి తగ్గించండి. ఫొటోలు తగ్గించడానికి జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ పోవాలంటే బ్రౌజర్‌లోనే తెరిచి, ప్రింట్‌లోకెళ్లి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే చాలు. పూర్తి నంబరు తప్పనిసరి కానిచోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, మొదటి ఎనిమిది అంకెలు అందులో కనిపించవు.

అయినా తప్పంతా మీ మీద వేయడం అన్యాయం. 100 కేబీ అని గిరి గీసినవాళ్లెవరు? ఇవాళ మామూలు ఫోన్ తీసే ఫొటోనే రెండు మూడు ఎంబీలుంటుంది. తగ్గించే పని పోర్టలే చేసుకోవచ్చు, అదేమీ కష్టమైన ప్రోగ్రామింగ్ కాదు. డిజిలాకర్ 2015 నుంచి ఉంది, అందులోని పత్రాలు అసలు పత్రాలతో సమానమని నిబంధనలే చెబుతున్నాయి. అయినా స్కాన్ చెయ్, తగ్గించు, మళ్లీ ఎక్కించు అంటూ పిల్లల్ని ఆఖరి రోజు రాత్రి నెట్ సెంటర్లకి పరుగెత్తిస్తున్నారు. ఆ సెంటర్ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎప్పుడైనా తెరిచి చూశారా? ఊళ్లో సగం మంది ఆధార్‌లు అందులోనే ఉంటాయి. ఈ పోర్టళ్లు తయారుచేసినవాళ్లు ఒక్కసారైనా తమ సొంత పిల్లల దరఖాస్తు ఫోన్‌లో నింపారా అని నాకు నిజంగా అనుమానం.

ప్రశ్న: ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే వైరస్ వస్తుందంటారు, నిజమేనా? డబ్బు కట్టకుండా వాడే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చా? (ఒక డిగ్రీ విద్యార్థి, ఏలూరు)

దొంగ గుమ్మంలోంచి తెచ్చుకుంటే వస్తుంది. 2022లో జింప్ కోసం వెతికినవాళ్లకి పైన ఒక ప్రకటన కనిపించింది, చిరునామా అసలుదే అన్నట్టుండేది, నొక్కితే మాత్రం పాస్‌వర్డ్‌లు దొంగిలించే ఫైల్ దిగేది. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా మన దేశంలో వీడియోలు చూసే సాఫ్ట్‌వేర్ వీఎల్‌సీ అసలు సైటే బ్లాక్ అయింది, జనం దొరికినచోటల్లా దింపుకున్నారు, ఆ అలవాటు ఇంకా పోలేదు. వెతకడం మానేసి చిరునామా మీరే టైప్ చేయండి: లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, జింప్ డాట్ ఆర్గ్, వీఎల్‌సీకి వీడియోలాన్ డాట్ ఆర్గ్. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడిగారు. అది వద్దు, ఇంట్లో బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో అసలే వద్దు.