టెక్ సందేహాలు: ఐదు సెకన్లకోసారి నాడి చూస్తే...

ప్రశ్న: నమస్తే సర్. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ వ్యాపారి ఆఫీసులో సిస్టమ్స్ చూస్తుంటాను. ఒకే సర్వర్ మీద ఏడు వర్చువల్ మెషిన్లు (ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడుస్తున్నాయి. పొద్దున కాటాలు మొదలయ్యే వేళకు బిల్లింగ్ మెషిన్ అరనిమిషం బిగుసుకుపోతుంది, మళ్లీ మామూలే. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే గ్రాఫు చదునుగా ఉంది. ఐదు నిమిషాలకోసారి డేటా తీస్తోందని గమనించి ఐదు సెకన్లకు మార్చాను. ఇప్పుడు మానిటరింగ్ మెషినే మొరాయిస్తోంది. అసలు ఎంత పెట్టాలి? స్క్రీన్‌షాట్లు జత చేశాను.

జవాబు: ఇదే బాపతు ఉత్తరం ఈ నెలలో నాలుగోది. అందరూ ఐదు నిమిషాల నుంచి ఐదు సెకన్లకే దూకుతున్నారు. మధ్యలో అంకెలే లేనట్టు!

జబ్బు ఎంతసేపు ఉంటుందో చూసుకుని నాడి పట్టాలి. మీ బిల్లింగ్ అరనిమిషం ఆగుతోంది. ఆ 30 సెకన్లూ ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిచేసి, మిగతా 270 సెకన్లు 10 శాతంతో గడిపితే ఐదు నిమిషాల సగటు 19 శాతం. గ్రాఫు చదునుగా కాక ఇంకెలా ఉంటుంది? పైగా మీరు వాడుతున్నది వర్చువల్ మెషిన్లను నడిపే విఎంవేర్ సాఫ్ట్‌వేర్. దాని హోస్టు, అంటే ఆ మెషిన్లన్నిటినీ మోసే సర్వర్, తనంతట తాను 20 సెకన్లకొక నమూనా తీసి గంటసేపే ఉంచుకుంటుంది. ఆ తర్వాత విసెంటర్‌లో (హోస్టులను అజమాయిషీ చేసే విఎంవేర్ సాఫ్ట్‌వేర్) మిగిలేవి సగటులే: ఐదు నిమిషాలవి ఒక రోజు, అరగంటవి వారం, రెండు గంటలవి నెల, రోజువి ఏడాది. పొద్దున ఆగిన బిల్లింగ్ కథను గుమస్తాలంతా ఇళ్లకెళ్లాక తీరిగ్గా వెతికితే దొరికేది ఆ సగటే.

ఐదు సెకన్ల సంగతికొస్తే, 20 సెకన్లకొకసారి కొలిచే హోస్టును మీరు ఐదు సెకన్లకోసారి అడిగితే అదే అంకెను నాలుగుసార్లు చెబుతుంది. మీ స్క్రీన్‌షాట్‌లో ఒకే విలువ నాలుగేసి వరుసల్లో కనిపిస్తూనే ఉంది, మీరే చూడలేదు. ఏడు మెషిన్లకు తలా 60 కొలతలు అనుకుందాం. ఐదు నిమిషాల లెక్కన రోజుకు లక్షా 20 వేల పైచిలుకు అంకెలు రాసుకోవాలి. ఐదు సెకన్లయితే 72 లక్షలు దాటుతాయి. వాటిని రాస్తున్నది ఎక్కడ? బిల్లింగ్ ఉన్న డిస్కు మీదే. రోగిని చూడ్డానికొచ్చినవాళ్లు రోగి మంచం మీదే కూర్చున్నట్టుంది వ్యవహారం.

బిల్లింగ్ మెషిన్‌కూ డిస్కు ఆలస్యానికీ 20 సెకన్లు పెట్టండి. మిగతా ఆరింటికి రెండు మూడు నిమిషాలు చాలు. మెషిన్ల పేర్లు, డిస్కుల జాబితా లాంటివి గంటకోసారి తీసుకున్నా నష్టం లేదు. అన్నీ సరిగ్గా నిమిషం ముల్లు కదలగానే ఒక్కసారే అడగకుండా కాస్త ఎడమెడంగా పెట్టండి. అన్నట్టు, ఇక్కడ చూడాల్సింది ప్రాసెసర్ వాడకం కాదు, 'సీపీయూ రెడీ'. మెషిన్ పనికి సిద్ధమై కూడా ప్రాసెసర్ కోసం వరుసలో నిలబడిన సమయం అది. మిల్లీసెకన్లలో చూపిస్తారు. 20 సెకన్ల గ్రాఫులో 2,000 అంటే 10 శాతం. అదే 2,000 ఐదు నిమిషాల గ్రాఫులో ఒక శాతం కూడా కాదు. వచ్చిన శాతాన్ని ఆ మెషిన్‌కిచ్చిన వర్చువల్ ప్రాసెసర్ల సంఖ్యతో భాగించాలి. టైమింగ్ మార్చి ఈ లెక్క మార్చకపోతే లేని జబ్బుకు మందేసినట్టే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. మీ మూడో స్క్రీన్‌షాట్‌లో డేటా తెచ్చే స్క్రిప్టు ఉంది. అందులో హోస్టు రూట్ (సర్వాధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డు అక్షరం అక్షరం కనిపిస్తోంది. మీ సంస్థ పేరు, పక్కన 123. ఇది చదవడం ఆపి ముందు దాన్ని మార్చి రండి.

వచ్చారా? గ్రాఫులు గీయడానికి రూట్ ఎందుకండీ? అంకెలు చదివే పనికి రీడ్ ఓన్లీ ఖాతా సరిపోతుంది. ఇంకేదైనా అనుమతి అడిగితే ఆ ఒక్కటే ఇవ్వండి. మీ స్క్రిప్టు ప్రతిసారీ కొత్తగా లాగిన్ అవుతోంది. ఐదు సెకన్లకోసారి అంటే రోజుకు 17,280 రూట్ లాగిన్లు. వాటి మధ్య దొంగవాడు ఒక్కసారి దూరితే, యార్డులో మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య రాయి వెతికినట్టే. ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో రాసుకునే లాగ్ ఫైలు నిండేకొద్దీ పాతవి చెరిగిపోతాయి కనుక ఆ రాయి కూడా మిగలదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలంది, సైబర్ దాడి తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలంది. మీ లాగ్‌లో ఆరు రోజులైనా ఉన్నాయా?

ఇది ఉత్తుత్తి భయం కాదు. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐ ఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం) సరిగ్గా ఇలాంటి హోస్టుల మీదే పడి, వర్చువల్ మెషిన్ల ఫైళ్లకే తాళం వేసింది. అది వాడుకుందన్న లోపానికి మందు 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. రెండేళ్లయినా చాలామంది వేసుకోలేదు. హోస్టు పోతే ఏడు మెషిన్లూ పోయినట్టే. లోపల ఎంత మంచి యాంటీవైరస్ ఉన్నా అది చూస్తూ కూర్చోవాల్సిందే.

తప్పంతా మీదే అనను. ఈ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లకు ఒక దండం. డేటా తీసే గడువు ఒక పేజీలో, సగటు కట్టే గడువు ఇంకో పేజీలో, ఉంచే గడువు మరెక్కడో. ఒకదాంట్లో 'ఫ్రీక్వెన్సీ: 60' అని మాత్రమే ఉంది. సెకన్లా, నిమిషాలా? కనుక్కోవడానికి నాకు ఒక పూట పట్టింది. అప్‌డేట్ వచ్చిందంటే బటన్ల రంగు మారుతుంది, మనం కష్టపడి పెట్టుకున్న గడువులు మాత్రం మళ్లీ మొదటికొస్తాయి. అందుకే మార్చినవన్నీ ఒక కాగితం మీద రాసి సర్వర్ గది తలుపుకు అంటించండి. గడువులు మాత్రమే సుమా, పాస్‌వర్డు కాదు!

ఆ మధ్య విజయవాడ లబ్బీపేటలో ఒక మిత్రుడి ఆఫీసుకెళ్లాను. గోడ మీద పెద్ద టీవీ, నిండా ఆకుపచ్చ గ్రాఫులు, క్షణక్షణం కదులుతున్నాయి. మూలన చిన్న అక్షరాల్లో డిస్కు నిండిందన్న హెచ్చరిక, పక్కన తేదీ చూస్తే మూడు వారాల నాటిది. ఇదెవరూ చూడరా అని అడిగితే, 'అది పెద్దసార్లు వచ్చినప్పుడు చూపించడానికి' అన్నాడు.

ప్రశ్న: విజయవాడ కానూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా ల్యాబ్ వర్చువల్ మెషిన్ల గ్రాఫులో టైము ఐదున్నర గంటలు వెనక చూపిస్తోంది. సర్వర్ గడియారాన్ని ఐదున్నర గంటలు ముందుకు తిప్పాను. గ్రాఫు సరిపోయింది కానీ ఎవరూ లాగిన్ కాలేకపోతున్నారు.

జవాబు: అవుతారా మరి! గ్రాఫు యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ కాలమానం) ఉంది, అంతే. డిస్‌ప్లే సెట్టింగ్‌లో భారత కాలమానం ఎంచుకుంటే పోయేది. విండోస్ డొమైన్ (అందరి ఖాతాలనూ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు) లాగిన్లలో గడియారాలకు మామూలుగా ఐదు నిమిషాల తేడా మించకూడదు. మీరు ఐదున్నర గంటలు పెంచారు. వెంటనే వెనక్కి తిప్పి, ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) టైమ్ సర్వర్‌కు కలపండి. తిప్పాక ఐదున్నర గంటలపాటు గ్రాఫులో పాత గీతల మీద కొత్త గీతలు పడి గజిబిజిగా ఉంటుంది. కంగారుపడి మళ్లీ ముందుకు తిప్పకండి.