ఎఫ్‌డీలు తీసి పాత టర్బో కారు కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు రూ.62 వేలు చేతికొస్తాయి, ఇంటి ఖర్చులు రూ.34 వేలు. ఎఫ్‌డీలు, సేవింగ్స్ ఖాతా కలిపి రూ.7.5 లక్షలున్నాయి. హైదరాబాద్‌లో 2014 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ అమ్మకానికి ఉంది. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. రూ.4.25 లక్షలు చెబుతున్నారు. అప్పు చేయకుండా ఎఫ్‌డీలు తీసి కొనాలనుకుంటున్నాను. ఇంత పాత టర్బో బండి వద్దని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు వద్దనుకోవడం మంచి నిర్ణయం. ఇంత పాత కారుకు బ్యాంకులు లోను ఇవ్వడం అరుదు, ఇచ్చేచోట వడ్డీ ఎక్కువ. కానీ మీ దగ్గర రూ.7.5 లక్షలున్నాయి కాబట్టి రూ.4.25 లక్షల కారు తేలికే అనుకోవద్దు.

ఆరు నెలల ఇంటి ఖర్చు రూ.2.04 లక్షలు. దాన్ని ముట్టుకోకండి. మిగిలేది రూ.5.46 లక్షలు. అందులో లక్ష రూపాయలు ఈ బండి రిపేర్లకని విడిగా వేసి ఉంచండి. పేరు మార్పిడి, రాష్ట్రం మారుతుంది కాబట్టి ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, బీమా, కొన్న వెంటనే చేయించే సర్వీసు, అవసరమైతే టైర్లు... వీటన్నిటికీ నేను రూ.60 వేలు వేసుకున్నాను. లైఫ్ ట్యాక్స్ కారు వయసును బట్టి ఉంటుంది, కాబట్టి బేరానికి కూర్చునే ముందే ఆర్టీవో ఆఫీసులో అసలు అంకె కనుక్కోండి. ఇవన్నీ పోగా మీరు కారుకు ఇవ్వగలిగింది రూ.3.86 లక్షలు. అంతకు మించి ఒక్క రూపాయి కూడా వద్దు. పైగా 2014 బండికి ఆర్‌సీ గడువు 2029 వరకే. తర్వాత ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ధర మాట్లాడేటప్పుడు ఈ మాట ఎత్తండి.

రిపేర్లకు లక్ష ఎందుకంటున్నానో చెబుతాను. మా పెద్దమ్మ కొడుకు ఇలాగే ఒక పాత డీజిల్ కారు చూడ్డానికి వెళ్లాడు. అప్పటికే ఇంజిన్ వేడిగా ఉంది. ‘ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చా’ అన్నాడు అమ్మే ఆయన. కొన్నాక మూడు నెలలు తిరక్కుండానే టర్బో పోయింది. కూతురి కాలేజీ ఫీజుకని కడుతున్న చీటీని నష్టానికి పాడి బాగు చేయించాడు అన్నయ్య. ఆ రోజు వదిన ముఖం నాకింకా గుర్తుంది.

టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే చిన్న చక్రం. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని బేరింగులను కాపాడేది ఇంజిన్ ఆయిలే. ఆయిల్ టైముకు మార్చకపోతే మడ్డి కట్టి ముందు టర్బోనే తింటుంది. ఈ కారు ఏడాదికి సగటున ఏడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. అందుకే సర్వీసు బిల్లుల్లో కిలోమీటర్ల కంటే తేదీలు చూడండి. ఏడాదికోసారైనా ఆయిల్ మార్చినట్టు కనిపించాలి. రెండేళ్లు ఖాళీ కనిపిస్తే బండి ఎంత మెరుస్తున్నా నేనైతే వద్దంటాను.

పొద్దున్నే వెళ్లండి. మీరొచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి, వేడిగా ఉంటే లోపాలు దాక్కుంటాయి. స్టార్ట్ చేయగానే గొలుసు గలగలలాడినట్టు చప్పుడొచ్చి కొన్ని సెకన్లలో ఆగకపోతే టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను సమయానికి తిప్పే గొలుసు) వైపు ఖర్చు ఉందని అర్థం. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి తెల్ల తెట్టు మందంగా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమో చూపించాలి. టర్బో గొట్టం విప్పితే లోపల పలచటి ఆయిల్ తడి ఉండటం మామూలే, ఆయిల్ నిలిచి ఉండకూడదు. మెకానిక్ టర్బో చక్రాన్ని పట్టుకుని కదిపితే పక్కలకు కాస్త ఆడొచ్చు, లోపలికీ బయటికీ మాత్రం ఆడకూడదు.

తర్వాత నడిపి చూడండి. ఈ కారులో 1.2 లీటర్ల ఇంజిన్, 105 పీఎస్ శక్తి, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చే) ఆటోమేటిక్. నా భయం టర్బో కంటే ఈ గేర్‌బాక్స్ మీదే ఎక్కువ. అందులోవి పొడి క్లచ్‌లు. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో అవి, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ దెబ్బతింటే బిల్లు టర్బోను మించిపోవచ్చు. అందుకే అమీర్‌పేట రద్దీలో పావుగంట నడపండి. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు కుదుపు, వణుకు ఉన్నాయా గమనించండి. ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డెక్కి గేరు మాన్యువల్‌లో పెట్టి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు దాటాక బండి ఒకే ఊపున లాగాలి. ఆగి ఆగి లాగినా, సైరన్‌లా కూత పెట్టినా అనుమానించాలి. స్నేహితుణ్ని వెనక బండిలో రమ్మనండి. కాలు తీసి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్నమాట.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించడం మర్చిపోవద్దు. పీ0299 కోడ్ ఉంటే టర్బో ఒత్తిడి తగ్గుతోందని అర్థం. కోడ్లేవీ లేకపోయినా, లోపలి స్వీయపరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే ఎవరో ఇటీవలే కోడ్లు చెరిపేశారేమో అడగండి. బయటి మెకానిక్‌కు, స్కాన్‌కు అయ్యే రెండు మూడు వేలకు వెనకాడొద్దు.

బండి 2020 అక్టోబరు హైదరాబాద్ వరదల్లో మునిగిందా అన్నది కూడా తేల్చుకోండి. మునిగి ఉంటే సీటుబెల్టు చివరిదాకా లాగినప్పుడు బురద మరక కనిపించొచ్చు. పాత బీమా పాలసీలో ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉంటే వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేదని అర్థం, సున్నా ఉంటే ఎందుకని అడగండి. ఆ ఎన్‌సీబీ మీకు రాదు, అది అమ్మిన ఆయనదే. కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదికి మార్పించుకోండి.

ఇల్లు చేరేలోపు దొరికిన ప్రతి లోపానికీ సర్వీసు సెంటర్‌లో ఎస్టిమేట్ తీసుకుని, ఆ మొత్తాన్ని రూ.3.86 లక్షల్లోంచి తీసేయండి. మిగిలిన దానికి అమ్మే ఆయన ఒప్పుకుంటే తీసుకోండి, లేకపోతే ఇంకో బండి చూసుకోండి. గేర్‌బాక్స్ కుదిపితే ధర ఎంత తగ్గించినా వద్దు. చల్లటి ఇంజిన్ చూపించననీ, స్కానర్ పెట్టనివ్వననీ అంటే అక్కడితో వచ్చేయండి.

అడ్వాన్స్ కింద ఐదు వేలు మించి ఇవ్వొద్దు, మిగతాది బ్యాంకు ద్వారానే పంపండి. పాత లోను తీరినట్టు ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ, రాష్ట్రం దాటడానికి ఫారం 28, పేరు మార్పిడికి 29, 30 సంతకాలతో చేతికొచ్చాకే ఎఫ్‌డీ తీయండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది. కాబట్టి రెండు ఎఫ్‌డీలుంటే తక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీయండి.