బూటులో దాగిన వజ్రం, దాని వెనుక కోర్టు కేసు

చరిత్రలో ఎక్కువమందికి తెలియని తమాషా కథ ఒకటి చెప్పమని అడిగారు. నేను జాకబ్ వజ్రం గురించి చెబుతాను. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకునేవారన్న ముచ్చట హైదరాబాద్‌లో చాలామంది విన్నదే. తండ్రిగారి పాత బూటు ముందు భాగంలో ఆయనకు అది దొరికిందని కూడా చెప్పుకుంటారు. అంతటి రాయి బూటులోకి ఎందుకు చేరింది? అసలైన కథ అక్కడుంది.

2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో నిజాం నగలను ప్రదర్శించినప్పుడు వరుసలో నిలబడి చూశాను. హారాలు, పతకాల నడుమ నగగా మలచని ఒంటి రాయి. బరువు 184.75 క్యారట్లు. ఇప్పటి కోహినూర్ 105 క్యారట్లకు కాస్త ఎక్కువ, అంతే. నా ముందున్న పెద్దాయన మనవడికి అది గోల్కొండ వజ్రమని చెబుతున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి అది 1880లలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన రాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో సానపట్టారు. ప్రపంచానికి వజ్రాలు పంపిన గోల్కొండ పాలకుడికే పరాయి దేశపు వజ్రం అమ్మబోయాడు ఒక వ్యాపారి!

ఆ వ్యాపారి అలెగ్జాండర్ మాల్కం జాకబ్. సిమ్లాలో రత్నాల దుకాణం నడిపేవాడు. 1891లో ఆరో నిజాం, అంటే ఉస్మాన్ అలీ ఖాన్ తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌కు ఈ వజ్రాన్ని చూపించి 1.2 కోట్ల రూపాయలు అడిగాడు. బేరం 46 లక్షలకు దిగింది. లండన్ నుంచి రాయిని తెప్పించడానికి నిజాం 23 లక్షలు ముందే ఇచ్చారు. లండన్ వాళ్లతో జాకబ్ చాలా తక్కువకే మాట్లాడుకున్నాడు. అంటే లాభం కళ్లముందు మెరుస్తోంది. తీరా రాయి వచ్చాక నిజాం నచ్చలేదనేశారు. ఖజానా సొమ్ము ఇలా ఖర్చు కావడం హైదరాబాద్‌లో ఉండే బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి అయిన రెసిడెంటుకు ఇష్టం లేదు. ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగితే జాకబ్ దగ్గర లేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది.

ఈ బేరంలో మధ్యవర్తి నిజాం ఆంతరంగిక సేవకుడు, ఆర్మేనియన్ అయిన ఆల్బర్ట్ ఆబిద్. హైదరాబాద్‌లో మనమందరం తిరిగే ఆబిడ్స్‌కు ఆ పేరు ఆయన దుకాణం వల్లే వచ్చింది. ఈ కేసు వివరాలు నేను మొదట చదివింది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలోనే. ఆ రోజంతా ఆ సంతోషం నన్ను వదల్లేదు.

కేసులో నిజాం స్వయంగా వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. కలకత్తా వెళ్లకుండా హైదరాబాద్‌లోనే కోర్టు నియమించిన కమిషన్ ద్వారా నమోదు చేసినా, ఒక పాలకుడిని వకీళ్లు ప్రశ్నించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అంతా అయ్యాక 1891 డిసెంబరులో జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. చివరికి రాజీ కుదిరి, ముందు ఇచ్చిన 23 లక్షలకే వజ్రం నిజాంకు దక్కింది. అంత అవమానం తెచ్చిన రాయిని ఆయన కంటికి కనిపించకుండా దాచేశారంటే నాకేమీ ఆశ్చర్యం కలగదు. బూటు కథ నిజమని నేను నమ్మడానికి కారణం అదే.

జాకబ్ గతి మాత్రం నన్ను బాధపెడుతుంది. కేసు గెలిచినా ఆయన వ్యాపారం మళ్లీ కోలుకోలేదు. 1921లో బొంబాయిలో పేదరికంలో చనిపోయాడు. వజ్రానికి మాత్రం ఆయన పేరే మిగిలింది. 1995లో భారత ప్రభుత్వం 173 నిజాం నగలను 218 కోట్లకు కొన్నప్పుడు ఈ రాయి కూడా వాటిలో ఉంది. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలోనూ ప్రదర్శించారు. మళ్లీ హైదరాబాద్‌కు తెస్తే పిల్లలను తీసుకెళ్లండి. అది గోల్కొండ రాయి కాదని, ఆబిడ్స్‌కూ దానికీ చుట్టరికం ఉందని అక్కడే చెప్పండి.