పాత డిష్‌వాషర్ టైమర్ నాబ్ మధ్యలో ఆగిపోతోంది, టైమర్ మార్చాల్సిందేనా?

వెంటనే టైమర్ మీద నేరం మోపకండి. చాలా పాత మెషీన్లలో నీళ్లు తగినంత వేడెక్కేదాకా టైమర్ మోటార్‌కి (నాబ్‌ని మెల్లగా తిప్పే చిన్న మోటార్) కరెంటు అందదు. హీటర్ పోతే నాబ్ అక్కడే నిలబడిపోతుంది. చేత్తో కాస్త ముందుకు తిప్పగానే మిగతా సైకిల్ నడిస్తే ముందు హీటర్, థర్మోస్టాట్ (నీటి వేడిని పసిగట్టే స్విచ్) చూడండి.

ఏ దశలోనూ కదలకపోతే అప్పుడు టైమర్ మీద అనుమానం. ప్లగ్ పీకేసి, వైర్లు ఊడదీసే ముందు ఫొటో తీసుకోండి (అది మరిచిపోయి నేనొక ఆదివారం పోగొట్టుకున్నాను). మోటార్ లోపలి తీగచుట్ట (కాయిల్) తెగిందేమో కరెంటు కొలిచే మల్టీమీటర్ చెబుతుంది. టైమర్ లోపల నల్లబడ్డ కాంటాక్టులు (కరెంటును కలిపే లోహపు రేకులు) క్లీనర్ స్ప్రేతో బాగుపడొచ్చు. ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగితే మాత్రం రిపేరు దండగ. మోటార్ ఒక్కటే పోతే ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో 230 వోల్టులు, 50 హెర్ట్జ్, పాతదాని వేగమే ఉన్నది వెతకండి.